పైన్ అడవి: కార్బన్ రాబడి, నీటి ఖర్చు

భూమి వేడెక్కుతోందనగానే ఎవరికైనా తట్టే మొదటి ఉపాయం మొక్కలు నాటడం. చెట్టు గాలిలోని కార్బన్ డయాక్సైడును తీసుకుని కలపగా మారుస్తుంది కాబట్టి ఎన్ని చెట్లు నాటితే అంత మేలన్న నమ్మకం ప్రభుత్వాల్లోనూ కంపెనీల్లోనూ బాగా పాతుకుపోయింది. ఇలా వరసగా నాటి, పెంచి, కోసే చెట్లలో పైన్ జాతులది పెద్ద వాటా. అమెరికా ఆగ్నేయ రాష్ట్రాల్లో లోబ్లాలీ పైన్, చిలీ, న్యూజిలాండ్ దేశాల్లో రేడియాటా పైన్, దక్షిణాఫ్రికాలో పాటులా పైన్ లక్షల ఎకరాల్లో పెరుగుతున్నాయి. ఇవి త్వరగా ఎదుగుతాయి, కార్బన్‌ను బాగా పట్టుకుంటాయి. ఆ పని చేస్తూనే వాగుకు చేరాల్సిన నీటిలో కొంత ఆవిరి చేస్తాయి. ఈ రెంటినీ కొలిచే ప్రయోగాలు దశాబ్దాలుగా సాగుతున్నాయి. అవి ఏం తేల్చాయో, ఎక్కడ ఇంకా వాదం నడుస్తోందో ఇక్కడ ఒకచోట పెట్టి చూద్దాం. నా అభిప్రాయం ముందే చెబుతాను: నీటి లెక్క చూపని కార్బన్ లెక్కను ఏ ప్రాంత ప్రజలూ ఒప్పుకోనక్కరలేదు.

రెంటికీ ఒకటే తలుపు

పైన్ ఆకు సూదిలా ఉంటుంది. లోబ్లాలీ పైన్‌లో మూడేసి సూదులు ఒక గుత్తిగా, జానెడు పొడవున పెరుగుతాయి. ఒక సూదిని భూతద్దం కింద పెడితే నిలువునా తెల్లటి చుక్కల వరసలు కనిపిస్తాయి. ప్రతి చుక్కా ఒక పత్రరంధ్రం. గాలిలోని కార్బన్ లోపలికి వచ్చేది అక్కడి నుంచే, ఆకులోని తేమ బయటికి పోయేదీ అక్కడి నుంచే. రెంటికీ అదొక్కటే తలుపు. ఒక కార్బన్ డయాక్సైడు అణువును కలుపుకోవడానికి చెట్టు వందల నీటి అణువులను వదులుకుంటుంది. నీరు పోకుండా రంధ్రాలు మూసుకుంటే కార్బన్ రాబడీ ఆగుతుంది.

ఈ మాట ప్రతి చెట్టుకూ వర్తిస్తుంది. పైన్‌కు మరో రెండు లక్షణాలు తోడయ్యాయి. మొదటిది, అది ఏడాది పొడవునా ఆకుతో ఉంటుంది. ఆకురాల్చే చెట్లు మోడులై నిలబడ్డ నెలల్లో కూడా పైన్, ఎండ కాస్తే చాలు, నీటిని పైకి లాగుతూనే ఉంటుంది. రెండోది, దట్టమైన సూదుల మీద పడిన వానలో కొంత భాగం నేలను తాకకుండానే, తడి ఆరినట్టుగా, తిరిగి గాలిలో కలిసిపోతుంది. చిన్న చిన్న జల్లులు పడే చోట ఈ నష్టం మరీ ఎక్కువ. గడ్డినేల మీద పైన్ తోట వేస్తే ఈ రెండింటికి లోతైన వేళ్లు కూడా తోడవుతాయి. గడ్డి ఎండిపోయే కాలంలోనూ ఆ వేళ్లు కింది పొరల తేమను అందుకుంటాయి.

కొలిచే పద్ధతులు

అడవి ఎంత నీరు వాడుతుందో చెప్పడానికి అన్నిటికన్నా పాత పద్ధతి వాగును కొలవడం. పక్కపక్కనే ఉన్న, ఒకే తీరు నేల, ఒకే తీరు వాన ఉన్న రెండు చిన్న పరీవాహక ప్రాంతాలను ఎంచుకుంటారు. రెండు వాగులకూ అడ్డంగా చిన్న గోడ కట్టి, దానిలో ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో గండి పెడతారు. ఆ గండిలో నీటి ఎత్తును బట్టి ప్రవాహం ఎంతో తెలుస్తుంది. కొన్నేళ్లు రెండింటినీ యథాతథంగా కొలిచి, వాటి మధ్య సంబంధం తెలిశాక, ఒకదానిలో అడవి మారుస్తారు. రెండోదాన్ని ముట్టుకోరు. ఆ తర్వాత కనిపించే తేడా అంతా అడవి మార్పు వల్ల వచ్చినదే. ఇది ఓపిక పని. ఫలితం తేలేసరికి పరిశోధకుల ఒక తరం ఉద్యోగ విరమణ చేస్తుంది.

రెండో పద్ధతి అడవి మీదుగా లేచే ఎత్తైన టవర్. దాని కొనన పెట్టిన పరికరాలు గాలి సుడులు పైకీ కిందికీ మోసుకుపోయే నీటి ఆవిరినీ కార్బన్ డయాక్సైడునూ సెకనుకు పది ఇరవై సార్లు కొలుస్తాయి. దీన్ని ఎడ్డీ కోవేరియన్స్ అంటారు. నీరు, కార్బన్ రెండూ ఒకే గాలిలో, ఒకే క్షణంలో దొరుకుతాయి కాబట్టి రెంటి మధ్య మారకం ఎంతో నేరుగా కనిపిస్తుంది. మూడోది, కాండంలో సన్నటి వేడి సూదులు గుచ్చి రసం ఏ వేగంతో ఎక్కుతోందో చూడడం. వాగు మొత్తం లెక్క చెబుతుంది, టవర్ తోట లెక్క చెబుతుంది, కాండంలోని సూది ఒక్కో చెట్టు లెక్క చెబుతుంది. మూడూ ఒకే దిక్కు చూపినప్పుడు ఫలితాన్ని నమ్మవచ్చు.

వాగులు చెప్పిన సంగతి

ఉత్తర కరోలినా పడమటి కొండల్లో అమెరికా అటవీశాఖ 1934లో కొవీటా అనే పరిశోధన కేంద్రం నెలకొల్పింది. అక్కడ 1956, 1957లలో రెండు పరీవాహక ప్రాంతాల్లో ఆకురాల్చే అడవి స్థానంలో వైట్ పైన్ నాటారు. పదిహేనేళ్లు గడిచేసరికి వాగు నీరు ఏడాదికి దాదాపు 200 మిల్లీమీటర్లు, అంటే ఇరవై శాతం, తగ్గింది. స్వాంక్, డగ్లస్ అనే పరిశోధకులు 1974లో సైన్స్ పత్రికలో ప్రకటించిన ఈ ఫలితం ఈ రంగంలో ఒక మైలురాయి. ఎకరా లెక్కన చూస్తే అది ఏటా ఎనిమిది లక్షల లీటర్లు. ఇక్కడ పోలిక అడవికీ బీడుకూ మధ్య కాదు, ఒక అడవికీ మరో అడవికీ మధ్య. చెట్టు జాతి మారితేనే ఇంత తేడా వచ్చింది.

దక్షిణాఫ్రికా అనుభవం ఇంకా కటువుగా ఉంది. ఎంపుమలాంగా ప్రాంతంలోని మొకొబులాన్‌లో గడ్డికొండల మీద ఒకచోట నీలగిరి (యూకలిప్టస్) చెట్లు, ఇంకోచోట పాటులా పైన్ నాటారు. నీలగిరి తోట కింది వాగు తొమ్మిదో ఏట ఎండిపోయింది. పైన్ తోట కింది వాగు పన్నెండో ఏట ఎండిపోయింది. పదహారేళ్ల వయసులో నీలగిరి చెట్లను పూర్తిగా నరికేశాక కూడా వాగు వెంటనే రాలేదు. ఏడాది పొడవునా పారడానికి మరో ఐదేళ్లు పట్టింది. చెట్లు ఆ ఏటి వానతో సరిపెట్టుకోకుండా కింది పొరల్లో ఏళ్ల తరబడి నిలవైన తేమను కూడా తాగేశాయి కాబట్టి, ఆ లోటు పూడిన తర్వాతే నీరు వాగులోకి వచ్చింది.

విడివిడి ప్రయోగాలను కలిపి చూసిన పని కూడా జరిగింది. బోష్, హ్యూలెట్ 1982లో 94 పరీవాహక ప్రాంతాల ఫలితాలను క్రోడీకరించారు. పైన్, నీలగిరి అడవుల విస్తీర్ణం పది శాతం మారితే వాగు నీరు ఏటా సుమారు 40 మిల్లీమీటర్లు మారుతుందనీ, ఆకురాల్చే అడవికి ఈ మార్పు 25 మిల్లీమీటర్లేననీ వారి అంచనా. 2005లో రాబర్ట్ జాక్సన్ బృందం 26 పరీవాహక సమాచారాల నుంచి 504 వార్షిక కొలతలు తీసుకుని సైన్స్ పత్రికలో మరో సమీక్ష ప్రకటించింది. గడ్డి, పొదలు, పంట భూముల్లో చెట్ల తోటలు వేసిన చోట్ల వాగు నీరు సగటున ఏటా 227 మిల్లీమీటర్లు, అంటే 52 శాతం తగ్గింది. పదమూడు శాతం వాగులు కనీసం ఒక ఏడాది పూర్తిగా ఎండిపోయాయి. ఆ వ్యాసం శీర్షికలోనే కార్బన్ కోసం నీటిని ఇచ్చిపుచ్చుకోవడం అన్న భావం ఉంది.

దీన్ని బట్టి పైన్ తోటలన్నీ వాగులను చంపుతాయని అనుకోవడం తొందరపాటు. ఫ్లోరిడాలో గెయిన్స్‌విల్ దగ్గర స్లాష్ పైన్ తోటలను వయసుల వారీగా కొలిచినప్పుడు ముదురు తోట ఏటా వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు నీటిని ఆవిరి చేస్తోందని తేలింది. వినడానికి భయంకరంగా ఉంటుంది. అయితే చెట్లన్నీ నరికేసిన నేల కూడా తొమ్మిది వందల మిల్లీమీటర్ల దాకా ఆవిరి చేసింది. బాగా వానలు పడే, భూగర్భ జలం పైనే ఉండే ఆ చదును నేలలో చెట్లున్నా లేకపోయినా నీరు ఎటూ ఆవిరవుతుంది. కాబట్టి చూడవలసింది తోట వాడే మొత్తం నీరు కాదు, అక్కడ అంతకు ముందున్నదానితో పోలిస్తే అదనంగా వాడే నీరు. గడ్డి ఎండిపోయే కొండ మీద ఆ అదనం పెద్దది, చిత్తడి నేల మీద చిన్నది.

కార్బన్ ఎంత, ఎన్నాళ్లు

రాబడి వైపు చూస్తే పైన్ తోట పనితనం మెచ్చుకోదగ్గదే. ఆ ఫ్లోరిడా తోటల్లోనే నడివయసు చెట్లు ఏటా హెక్టారుకు నికరంగా సుమారు ఆరు టన్నుల కార్బన్ పట్టుకున్నాయి, కోతకొచ్చిన తోట ఆరేడు టన్నులు పట్టుకుంది. అదే నేలను నరికిన మొదటి ఏడాది, కొమ్మా రెమ్మా కుళ్లి, నేల ఊపిరి పెరిగి, హెక్టారు నుంచి సుమారు 12 టన్నులు తిరిగి గాలిలోకి పోయాయి. రెండో ఏడాది మరో తొమ్మిది టన్నుల దాకా పోయాయి. అంటే కోత తర్వాత రెండేళ్లలో పోయినదాన్ని పూడ్చడానికే నడివయసు తోటకు మూడున్నరేళ్ల పని కావాలి. తోట బలంగా పెరిగే వయసులో టవర్ ఇచ్చిన ఒక్క అంకె చూపించి ‘ఇంత కార్బన్ దాచాం’ అనడం తప్పుదోవ పట్టిస్తుంది. నాటినప్పటి నుంచి మళ్లీ నాటే దాకా ఒక పూర్తి చక్రం లెక్క వేయాలి.

కోసిన కలప ఏమవుతుందన్నది తరవాతి ప్రశ్న. ఇంటి దూలంగా మారితే ఆ కార్బన్ దశాబ్దాలు నిలుస్తుంది. కాగితమైతే కొన్నేళ్లలో, పొయ్యిలోకి పోతే ఆ రోజే గాలిలో కలుస్తుంది. తోటల్లో నీటి ఖర్చు మాత్రం ఈ మూడు సందర్భాల్లోనూ ఒకటే. అందుకే నీటికి తగిన ప్రతిఫలం దక్కిందా లేదా అన్నది తోటలో కాక రంపం మిల్లులో తేలుతుంది.

గాలిలో కార్బన్ డయాక్సైడు పెరిగితే చెట్లు మరింత ఎదుగుతాయి కదా, నీటి వాడకమూ తగ్గుతుంది కదా అన్న ఆశ ఒకటి ఉంది. దాన్ని నిజం అడవిలో పరీక్షించిన చోటు ఉత్తర కరోలినాలోని డ్యూక్ ఫారెస్ట్. రాలీ, కేరీ పరిసరాల్లో స్థిరపడిన తెలుగువారు ఏటా వసంతంలో కార్ల మీద పేరుకునే పసుప్పచ్చ పుప్పొడి ద్వారా లోబ్లాలీ పైన్‌ను బాగా ఎరుగుదురు. ఆ ఊళ్లకు దగ్గర్లోనే, 1983లో నాటిన తోటలో 30 మీటర్ల వెడల్పు వలయాలు గీసి, చుట్టూ గొట్టాల స్తంభాలు నిలిపి, 1996 నుంచి 2010 దాకా మామూలు గాలి కన్నా 200 పీపీఎం (పది లక్షల్లో 200 వంతులు) ఎక్కువగా కార్బన్ డయాక్సైడును వదిలారు. తొలి రెండేళ్లలో తోట ఉత్పత్తి 25 శాతం పెరిగింది. తర్వాత నేల సారం అడ్డుపడింది. నత్రజని చాలని చోట ఆ పెరుగుదల నిలబడలేదని 2001లో రామ్ ఒరెన్ బృందం నేచర్ పత్రికలో చూపింది. అదే ఏడాది అదే పత్రికలో, నేలమీది ఆకులలములోకి చేరిన అదనపు కార్బన్ మూడేళ్లకే తిరిగి గాలిలోకి పోతోందని ష్లెసింజర్, లిక్టర్ చూపారు. చెట్లు తాగే నీరు కూడా చెప్పుకోదగినంత తగ్గలేదు. గాలే ఎరువు వేసి నీటినీ ఆదా చేస్తుందన్న ఆశ మీద అడవుల విధానం కట్టకూడదని ఈ ప్రయోగం గట్టిగా చెబుతోంది.

మనిషి చేతిలో ఉన్న పగ్గాలు

పెంచే అడవిలో మనిషి మార్చగలిగినవి నాలుగైదు ఉన్నాయి: ఎన్ని చెట్లు, ఏ జాతి, ఎక్కడ, ఎన్నేళ్లకు కోత, ఎంత ఎరువు. వీటిలో నీటి మీద అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపేది చెట్ల సాంద్రత. తోటను పలుచన చేస్తే ఆకు విస్తీర్ణం తగ్గి, వాన నేలకు చేరి, మిగిలిన చెట్లకు తేమ దక్కుతుంది. ఒక్క హెచ్చరిక: పరీవాహక ప్రాంతంలో ఇరవై శాతం కన్నా తక్కువ చెట్లు తీస్తే వాగులో తేడా సాధారణంగా కొలతకు అందదు. తీసిన తర్వాత కూడా మిగిలిన కొమ్మలు ఖాళీని నింపేస్తాయి కాబట్టి లాభం కొన్నేళ్లే ఉంటుంది. పలుచన చేయడం ఒకసారి చేసి వదిలేసే పని కాదు.

పలుచనితనం కరువు నుంచి కార్బన్‌ను కూడా కాపాడుతుంది. కాలిఫోర్నియాలో 2012లో మొదలైన కరువు తర్వాత అమెరికా అటవీశాఖ 2017 నాటికి 12.9 కోట్ల చెట్లు చనిపోయాయని లెక్క కట్టింది. నీరు చాలక బలహీనపడిన పైన్ చెట్లను బెరడు పురుగు తొలిచేసింది. చెట్లు కిక్కిరిసిన చోట్ల చావులూ ఎక్కువే. ఎక్కువ కార్బన్ దాచాలని చెట్లను కుక్కితే దాచినదంతా ఒక్క కరువులో పోవచ్చు.

ఎరువు సంగతి కొంత ఆశ ఇస్తుంది. 2011 నుంచి 2016 దాకా అమెరికాలో సాగిన పైన్‌మ్యాప్ కార్యక్రమం వర్జీనియా, జార్జియా, ఫ్లోరిడా, ఓక్లహామా తోటల్లో చెట్ల కింద తొట్లు పరిచి 30 శాతం వానను పక్కకు మళ్లించింది. ఎరువు వేసిన చెట్లు అంత కరువులోనూ కలప పెంచాయి, లీటరు నీటికి దక్కే కలపా పెరిగింది. నేల సారం లేని తోట నీటిని తాగి కూడా కార్బన్ తక్కువే ఇస్తుందని దీని అర్థం.

చోటు విషయంలో దక్షిణాఫ్రికా పాఠం స్పష్టం. వాగు గట్ల మీది చెట్లకు నీరు చేతికందే దూరంలో ఉంటుంది కాబట్టి అవి తమ విస్తీర్ణానికి మించి తాగుతాయి. గట్లను ఖాళీగా ఉంచితే తక్కువ చెట్లు వదులుకుని ఎక్కువ నీరు దక్కించుకోవచ్చు. ఆ దేశం 1972 నుంచే కొత్త తోటలకు అనుమతి తప్పనిసరి చేసింది. 1998 జాతీయ జల చట్టం వ్యాపార తోటల పెంపకాన్ని వాగు నీటిని తగ్గించే పనిగా ప్రకటించి లైసెన్సు కిందికి తెచ్చింది. తోట యజమాని కాలువ తవ్వకపోయినా, మోటారు పెట్టకపోయినా, చట్టం దృష్టిలో నీటి వాడకందారే. కేప్ టౌన్ 2018లో కుళాయిలు కట్టేసే రోజు అంచు దాకా వెళ్లినప్పుడు, కొండల మీద విత్తనం ఎగిరి విస్తరించిన పైన్, తుమ్మ జాతులు, నీలగిరి చెట్లు నగరానికి రావలసిన నీటిలో ఏటా 5,500 కోట్ల లీటర్లు తాగేస్తున్నాయని ఆ నగరం కోసం ఏర్పడిన నీటి నిధి (వాటర్ ఫండ్) లెక్క కట్టింది. అది నగరానికి రెండు నెలల అవసరం.

తేలని వాదాలు

అడవి వానను పట్టి, నేలలోకి ఇంకించి, వేసవిలో వదులుతుందని మన పెద్దలందరి నమ్మకం. ఇందులో నిజముంది. తొక్కుడు పడి గట్టిపడిన నేలలో చెట్ల వేళ్లు, పురుగులు, ఆకు ఎరువు దారులు తెరుస్తాయి. ఇంకే నీరు చెట్టు తాగే నీటిని మించితే వేసవి ఊటలు పెరుగుతాయి, మించకపోతే తగ్గుతాయి. నేపాల్ మధ్య కొండల్లో పాడైన పచ్చిక మీద పైన్ నాటిన పాతికేళ్ల తర్వాత కూడా నేల ఇంకుడు శక్తి పెద్దగా మెరుగుపడలేదని తేలింది. దానికి ఒక ముఖ్య కారణం ఊరివాళ్లు రాలిన సూదులను ఊడ్చి తీసుకుపోవడం. అడవి ఎదిగింది, నేల ఎదగలేదు. నీటి ఖర్చు పెరిగింది, ఇంకుడు పెరగలేదు. మరోవైపు బుర్కినా ఫాసోలో 2016లో ఇల్‌స్టెడ్ బృందం ప్రకటించిన పని ఎండ ప్రాంతాల్లో చెట్లు మరీ తక్కువగానూ మరీ ఎక్కువగానూ లేనప్పుడు భూగర్భ జలం అన్నిటికన్నా బాగా నిండుతుందని చూపింది.

చెట్లు వదిలిన ఆవిరి మరోచోట వానై కురుస్తుంది కాబట్టి అది నష్టం కాదన్నది ఇంకో వాదం. ఖండాల స్థాయిలో అది నిజమే. కొండ కింది పల్లెకు మాత్రం తన వాగులో తగ్గిన నీరు వేల కిలోమీటర్ల అవతల కురిస్తే ఒరిగేదేమీ లేదు. రెండు మాటలూ నిజమే, రెండింటికీ సంబంధించిన మనుషులు వేరు.

కార్బన్ ఒక్కటే వాతావరణం కాదన్నదానికి ఇజ్రాయెల్‌లోని యాతిర్ అడవి సాక్ష్యం. నెగెవ్ ఎడారి అంచున, ఏటా 280 మిల్లీమీటర్ల వానతో, 1960లలో నాటిన అలెప్పో పైన్ అది. ఆ కాస్త వానలో దాదాపు అంతా తిరిగి ఆవిరైపోతుంది. అయినా హెక్టారుకు ఏటా రెండు టన్నుల పైన కార్బన్ పట్టుకుంటుంది. అయితే లేత రంగు ఎడారి నేలను ముదురు రంగు చెట్లు కప్పడం వల్ల ఆ ప్రాంతం ఎండను ఎక్కువగా పీల్చుకుంటోంది. ఆ వేడిని కార్బన్ రాబడి పూడ్చడానికి కొన్ని దశాబ్దాలు పడుతుందని రొటెన్‌బర్గ్, యాకిర్ 2010లో లెక్క చెప్పారు.

మన దగ్గరికి వస్తే

ఈ చర్చకు భారతదేశం దూరంగా లేదు. కుమావూన్, గఢ్వాల్ కొండల్లో బ్రిటిష్ కాలం నుంచి జిగురు కోసం, రైలు పట్టాల కింది దుంగల కోసం చీర్ పైన్‌ను ప్రోత్సహించారు. ఓక్ చెట్ల అడవి తగ్గి ఊటలు ఎండుతున్నాయని అక్కడి ఆడవాళ్లు దశాబ్దాలుగా చెబుతున్నారు. హిమాలయ ప్రాంతంలోని దాదాపు 30 లక్షల ఊటల్లో సగం దాకా తగ్గుతున్నాయని నీతి ఆయోగ్ 2018 నివేదిక అంది. దానికి రోడ్లు, కట్టడాలు, వాన తీరు మారడం కూడా కారణాలు కాబట్టి నేరమంతా పైన్ మీద మోపకూడదు. నీలగిరుల్లోని గ్లెన్‌మోర్గాన్‌లో గడ్డినేలలో నీలగిరి చెట్లు నాటి కొలిచినప్పుడు నీటి రాబడి మొదటి కోత కాలంలో 16 శాతం, రెండో కాలంలో 25 శాతం తగ్గింది. మన దేశపు కొలత మన చేతిలోనే ఉంది.

తెలుగు నేల మీద పైన్ అంటే అరకు దారిలో ఆగి ఫొటోలు దిగే తోటలే. మనకు అసలు పోలిక కాగితపు మిల్లుల కోసం ఖమ్మం, ప్రకాశం, గోదావరి జిల్లాల్లో రైతులు వేసే జామాయిలు (నీలగిరి), సుబాబుల్, సరుగుడు తోటలు. అవి రైతుకు కూలీల బెడద తక్కువైన నమ్మకమైన ఆదాయం. ఆ ఆదాయాన్ని కాదనలేం, కాదనకూడదు. కానీ ఇప్పుడు వాటికి కార్బన్ క్రెడిట్ల ఆశ కూడా తోడవుతోంది. 2023లో కేంద్రం ప్రకటించిన గ్రీన్ క్రెడిట్ కార్యక్రమం తొలి నిబంధనల్లో చెట్టుకు ఒక క్రెడిట్ అన్న లెక్క ఉండేది. చెట్లు ఎక్కువైతే క్రెడిట్లు ఎక్కువ అన్న లెక్క కిక్కిరిసి నాటడాన్ని ప్రోత్సహిస్తుంది. ఇంతదాకా చూసిన ప్రయోగాలన్నీ దానికి అడ్డంగా నిలుస్తున్నాయి.

కాబట్టి కార్బన్ పేరుతో తోట వేస్తామని ఎవరు వచ్చినా గ్రామసభ మూడు ప్రశ్నలు అడగాలి. ఈ నేలలో ఇప్పుడున్న గడ్డి, పొద, పంట కన్నా మీ తోట ఏటా ఎంత నీరు అదనంగా వాడుతుంది? ఆ నీటి మీద కింద ఏ చెరువు, ఏ బోర్లు ఆధారపడ్డాయి? చెట్లు కోశాక కలప ఎక్కడికి పోతుంది, పట్టిన కార్బన్ ఎన్నేళ్లు నిలుస్తుంది? మొదటి ప్రశ్నకు జవాబు చెప్పాలంటే తోట వేయడానికి ముందే వాగును కొలవడం మొదలుపెట్టాలి. ఒక చిన్న గోడ, దానిలో గండి, రోజూ నీటి ఎత్తు రాసిపెట్టే ఒక మనిషి చాలు. క్రెడిట్ల అమ్మకంలో వచ్చే డబ్బుతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకి రాదు. ఆ కొలత లేకుండా ఇచ్చిన కార్బన్ ధ్రువపత్రం సగం లెక్కే. మిగతా సగం కట్టేది దిగువ రైతు.